డిప్లొమా లేని మొక్కలు

గ్రామీణ ఆఫ్రికా స్త్రీలు చేస్తున్న పనులను లోకమంతా మెచ్చుకుంటోంది గానీ, ఆ పనుల వల్ల నష్టపోయిన పెద్దమనుషుల తరఫున ఇంతవరకు ఎవరూ గట్టిగా నోరు విప్పలేదు. అటవీ అధికారులు, ఊరి పెద్దలు, వలస ప్రభుత్వపు నౌకర్లు, శాసనసభ్యులు, భర్తలు. వీళ్లంతా గౌరవనీయులు. వీళ్లకూ మనసుంటుంది, అది నొచ్చుకుంటుంది. ఆ నొప్పిని ఎవరో ఒకరు అక్షరబద్ధం చేయాలి కాబట్టి ఈ బరువు నేను ఎత్తుకుంటున్నాను.

ముందుగా కెన్యా సంగతి. 1977లో వంగారి మాథాయ్ అనే ఆవిడ పల్లెటూరి స్త్రీలను కూడగట్టి మొక్కలు నాటించడం మొదలుపెట్టారు. ఎందుకమ్మా అంటే, వంటచెరకు కోసం చాలా దూరం నడవాల్సి వస్తోందట, వాగులు ఎండిపోతున్నాయట, తోటపంటల కోసం చెట్లు కొట్టేశాక పిల్లలకు సరైన తిండి కూడా కరువైందట. నిజమే కావచ్చు. కానీ ప్రతి సమస్యకూ ఒక శాఖ ఉంటుంది. శాఖకు ఒక కార్యాలయం, కార్యాలయానికి ఒక కిటికీ, కిటికీ ముందు ఒక వరుస ఉంటాయి. ఆ వరుసలో నిలబడకుండా నేరుగా గుంత తవ్వుకోవడం ఏ శాస్త్రంలో ఉంది?

అటవీ శాఖ మాత్రం తన పెద్దరికం నిలుపుకుంది. దేశంలో మనిషికొకటి చొప్పున కోటిన్నర మొక్కలు నాటుతామని మాథాయ్ చెప్పినప్పుడు, అక్కడి ఉన్నతాధికారి పగలబడి నవ్వి, కావలసినన్ని మొక్కలు ఉచితంగా పట్టుకెళ్లమన్నారు. ఆ నవ్వును అపార్థం చేసుకోకూడదు. ఎవరూ వచ్చి తీసుకోరన్న భరోసాతోనే కదా ఏ ప్రభుత్వమైనా ఉచితమని ప్రకటించేది! ఈ స్త్రీలకు ఆ మర్యాద తెలియదు. నిజంగానే వచ్చి తీసుకుపోయారు. ఏడాది తిరక్కుండానే అధికారి ఉచితం మాటను వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఒక ప్రభుత్వోద్యోగి చేత మాట తప్పించిన పాపం ఎవరి ఖాతాలో రాయాలి?

పోనీ, అక్కడితోనైనా ఊరుకున్నారా? మీరివ్వకపోతే మేమే పెంచుకుంటామన్నారు. చెట్లు పెంచడం చదువుకున్నవాళ్ల పని, దానికి డిప్లొమా ఉండాలి అని అధికారులు ఎంతో ఓపికగా నచ్చజెప్పారు. వీళ్లు విన్నారు, తల ఊపారు, వెళ్లి చుట్టుపక్కల చెట్ల కింద గింజలు ఏరుకున్నారు. పగిలిన కుండల్లో మట్టి నింపి, కోళ్లకూ మేకలకూ అందకుండా ఎత్తున పెట్టి, ఏ గింజ ఎన్నాళ్లకు మొలుస్తుందో చూసి నేర్చుకున్నారు. డిప్లొమా లేని అటవీ అధికారులని పేరు కూడా తెచ్చుకున్నారు. అసలు తప్పంతా మొక్కది. నాటిన చేతికి అర్హతపత్రం ఉందా అని అడగకుండానే వేళ్లు దించేసింది.

జమాఖర్చులు చూస్తే నాకు నిద్ర పట్టలేదు. మాథాయ్ మొదలుపెట్టిన ఈ గ్రీన్ బెల్ట్ ఉద్యమం ఒక్కో మొక్కకు నాలుగు అమెరికా సెంట్లు ఇచ్చేది. కానీ నాటిన మొక్కకు కాదు, బతికిన మొక్కకు! ఈ దుర్మార్గపు పద్ధతి మన దాకా వస్తే ఏమవుతుందో ఒక్క నిమిషం ఆలోచించండి. ఏటా వానాకాలంలో కెమెరాల ముందు మొక్క నాటి, మళ్లీ ఏడాదికి అదే గుంతలో ఇంకో మొక్క నాటే మన ప్రజాప్రతినిధుల గతేమిటి? గుంతలు తవ్వే గుత్తేదారు పిల్లల చదువులేమిటి? 2004లో మాథాయ్‌కి నోబెల్ శాంతి బహుమతి ఇచ్చేనాటికి మూడు కోట్ల చెట్లు లేచాయని లెక్క చెప్పారు. ఒకే గుంతలో నాటి ఉంటే ఆ అంకె ఇంకా ఎంత సులువుగా వచ్చేదో ఆవిడకు ఎవరూ చెప్పినట్టు లేదు.

చెట్టు దగ్గర ఆగితే సరిపోయేది. చెట్టు నాటినవాళ్లు ఆ చెట్టు ఎవరిది, నేల ఎవరిది అని అడగడం మొదలుపెడతారు. ఈ ప్రమాదాన్ని ముందే పసిగట్టినవారు కెన్యా పాలకులు. 1989లో నైరోబీ నడిబొడ్డున ఉహురు పార్కులో అరవై అంతస్తుల భవనం, అందులో అధ్యక్షుడు డేనియల్ అరప్ మొయి విగ్రహం పెట్టాలని సంకల్పించారు. మాథాయ్ అడ్డుపడుతూ ఉత్తరాలు రాశారు. పార్లమెంటు తన పనులన్నీ పక్కనపెట్టి దాదాపు ముప్పావు గంట ఆవిడ మీదే చర్చించింది. ఆ ఉద్యమాన్ని విడాకులు తీసుకున్న ఆడవాళ్ల గుంపు అని గౌరవ సభ్యులు తేల్చారు. ఎంత లోతైన పర్యావరణ విశ్లేషణ! మొయిగారు బహిరంగ సభలో, ఈ భవనాన్ని వద్దనేవాళ్ల తలల్లో పురుగులున్నాయని సెలవిచ్చారు. ఆఫ్రికా సంప్రదాయం తెలిసిన స్త్రీ అయితే మగవాళ్లను గౌరవించి నోరుమూసుకుని ఉండాలని కూడా హితవు పలికారు. ఉద్యమ కార్యాలయాన్ని ప్రభుత్వ భవనంలోంచి ఖాళీ చేయించారు. ఇంత న్యాయంగా నడుచుకున్నా పెట్టుబడి పెట్టేవాళ్లు వెనక్కి తగ్గారు. భవనం లేవలేదు. పురుగులే గెలిచాయి.

మాథాయ్‌లాంటి చదువుకున్న ఆవిడ చెడగొట్టింది గానీ పల్లె ఆడవాళ్లు అమాయకులే అని కొందరు సమర్థించబోతారు. వాళ్లకు చరిత్ర తెలియదు. 1929 నవంబరులో, బ్రిటిష్ పాలనలోని ఆగ్నేయ నైజీరియాలో, ఒలోకో అనే ఊళ్లో న్వాన్యెరువా అనే ఆవిడ పామ్ నూనె తీసుకుంటోంది. వారెంటు చీఫ్, అంటే బ్రిటిష్‌వాళ్లు నియమించిన స్థానిక పెద్ద, పంపిన మనిషి వచ్చి, నీ ఇంట్లో మేకలెన్ని, గొర్రెలెన్ని, మనుషులెందరు అని లెక్క అడిగాడు. అంతకు ముందు మగవాళ్లను ఇలాగే లెక్కపెట్టి, ఆ తర్వాత వాళ్ల మీద పన్ను వేశారు. అందుకే ఆవిడ, మీ అమ్మను లెక్కపెట్టావా అని ఎదురు ప్రశ్న వేసింది. ఒక చిరుద్యోగి విధి నిర్వహణలో ఉండగా తల్లి ప్రస్తావన తేవడం ఎంత అన్యాయమో గమనించారా?

మాట ఊళ్లు దాటింది. ఆడవాళ్లు చేతి నుంచి చేతికి తాటాకుల్లాంటి పామ్ ఆకులు పంపుకున్నారు. ఆ ఆకే వాళ్ల పిలుపు. వేలమంది చీఫ్ ఇంటి ముందు చేరి, ఆ ప్రాంతపు ఇగ్బో జాతి స్త్రీలకు తరతరాలుగా తెలిసిన ఒక శిక్షను అమలు చేశారు. తప్పు చేసిన మగవాడి వాకిట్లో రాత్రంతా కూర్చుని, ఆడి, పాడి, అతని నిర్వాకాలన్నీ పాటకట్టి వినిపించి, రోకళ్లతో గోడలు బాదడం. క్షమాపణ చెప్పేదాకా నిద్ర ఉండదు. మన రాజ్యాంగ నిపుణులు అధికార వికేంద్రీకరణ మీద ఎన్ని నివేదికలు రాసినా, రోకలి గురించి ఒక్క పేరా లేకపోవడం మన అదృష్టం.

ఆ రోకళ్లకు సామ్రాజ్యం తుపాకులతో జవాబిచ్చింది. యాభైమందికి పైగా స్త్రీలు చనిపోయారు. చంపినవాళ్లే విచారణ సంఘం వేసి, ఈ ఆడవాళ్ల వెనుక ఏ మగవాడున్నాడో కనిపెట్టాలని ఎంతో శ్రమపడ్డారు. ఎంత వెతికినా దొరకలేదు పాపం. స్త్రీల మీద పన్ను పడలేదు. ఒలోకో చీఫ్ జైలుకెళ్లాడు. కొన్నేళ్లకు వారెంటు చీఫ్‌ల పద్ధతే పోయింది. నాయకుడు లేకుండా, కార్యవర్గం లేకుండా, లెటర్‌హెడ్ కూడా లేకుండా ఇంత పని జరగడం సంస్థాగత దృష్టితో చూస్తే చాలా తప్పు.

ఇదంతా ఎక్కడో సముద్రం అవతలి జబ్బు అనుకుని మనం తలుపులు వేసుకోలేం. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత పేరుతో ఆడవాళ్లకు నాలుగు అక్షరాలు నేర్పితే, సంతకం పెట్టడం నేర్చుకుని ఊరుకుంటారనుకున్నాం. వాళ్లు సారా ఖర్చు లెక్క వేసుకున్నారు. 1993 అక్టోబరు నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించాల్సి వచ్చింది. వాచకంలో ఇంకాస్త పద్యభాగం ఉంటే ఈ అనర్థం తప్పేదని నా అభిప్రాయం.

మళ్లీ ఆఫ్రికాకే వస్తాను. కెన్యాలోనే సాంబురు ప్రాంతంలో 1990లో 15 మంది స్త్రీలు ఉమోజా అనే ఊరు కట్టుకున్నారు. బ్రిటిష్ సైనికుల అత్యాచారాలకు గురైనవాళ్లు, ఆ అవమానమంతా ఇంటికి పట్టిందని భర్తలు తరిమేసినవాళ్లు. సైనికులను అడగాల్సిన ప్రశ్నలను భార్యలను అడగడం సులువు కాబట్టి భర్తలు ఆ సులువైన పనే చేశారు, ఇందులో ఆశ్చర్యమేముంది? ఆ ఊళ్లో మగవాళ్లకు నివాసం లేదు. రెబెకా లోలోసోలి నాయకత్వంలో ఆ స్త్రీలు పూసల దండలు అల్లి పర్యాటకులకు అమ్ముకుని, పిల్లలకు బడి పెట్టుకున్నారు. చూస్తూ ఊరుకోలేక మగవాళ్లు దగ్గర్లోనే పోటీ ఊరు కట్టి, పర్యాటకులను తమవైపు తిప్పుకోవాలని చూశారు. పథకంలో లోపమేమీ లేదు. పూసలు కుట్టడం వచ్చినవాళ్లంతా అవతలి ఊళ్లో ఉన్నారన్న చిన్న సంగతి తప్ప.

మలావీలో ఇంకో రకం విపత్తు. డెడ్జా జిల్లాలో థెరెసా కచిందమోతో అనే ఆవిడ సంప్రదాయం ప్రకారమే పెద్ద చీఫ్ అయ్యారు. సంప్రదాయమే కదా అని అందరూ నిశ్చింతగా ఉంటే, ఆవిడ ఆ సంప్రదాయ అధికారంతోనే మూడేళ్లలో 850కి పైగా బాల్య వివాహాలను రద్దు చేసి, పిల్లలను బడికి పంపారు. కాదన్న ఊరి పెద్దలను పదవుల్లోంచి దించి, రద్దు చేయించాక మళ్లీ కూర్చోబెట్టారు. సంప్రదాయం అనే ఆయుధాన్ని మనం ఎప్పుడూ ఒక చివర మాత్రమే పట్టుకున్నాం. రెండో చివర కూడా ఉందని ఆవిడ బయటపెట్టడం వెన్నుపోటు కాక మరేమిటి?

ఇక్కడ సాధికారత సదస్సుల నిర్వాహకుల బాధ కూడా చెప్పాలి. వాళ్లు నగరాల్లో, చల్లటి హాళ్లలో, సాధికారతను చక్కగా మూడేళ్ల ప్రాజెక్టుగా ముక్కలు చేసి, మొదటి ఏడాది అవగాహన, రెండో ఏడాది శిక్షణ, మూడో ఏడాది మదింపు అని పట్టిక గీసుకుని బయలుదేరతారు. తీరా పల్లెకు వెళితే అక్కడివాళ్లకు అవగాహన అప్పటికే ఉంటుంది, లేనిది నేల పట్టా. పట్టా అనేది ఏ పట్టికలోనూ లేదు. దాని కోసం 2016 అక్టోబరులో ఆఫ్రికా దేశాల పల్లె స్త్రీలు కిలిమంజారో కొండ దగ్గర చేరారు, కొందరు 5,895 మీటర్ల శిఖరం దాకా ఎక్కారు. భూమి హక్కు అడగడానికి భూమికి అంత దూరం వెళ్లాలా? తహశీల్దారు కార్యాలయం రెండో అంతస్తులోనే ఉంటుంది, మన దగ్గరైతే అదీ చాలామందికి కిలిమంజారో కంటే ఎత్తే.

మగజాతికి అన్నిటికన్నా పెద్ద ద్రోహం సెనెగల్‌లో జరిగింది. 1997లో మలికౌండా బంబారా అనే ఊరి స్త్రీలు, ఆడపిల్లల జననాంగాలు కోసే ఆచారాన్ని మానేస్తున్నామని ప్రకటించారు. పెళ్లిళ్లు పక్క ఊళ్లతో జరుగుతాయి కాబట్టి ఒక్క ఊరు మానేస్తే చాలదని, కెర్ సింబారా ఊరి పెద్ద దెంబా జవారా గుర్తించారు. పెద్దమనిషి అన్నాక ఆ మాట చెప్పి ఇంటికెళ్లి పడుకోవాలి. ఆయన కాలినడకన బంధువుల ఊళ్లన్నీ తిరిగి, స్త్రీలు చెప్పింది ముందు విని, ఆ తర్వాత మాట్లాడారు. 1998 ఫిబ్రవరిలో 13 గ్రామాలు కలిసి ఆచారాన్ని వదిలేశాయి. దేశంలో చట్టం వచ్చింది ఆ తర్వాతి ఏడాది. ముందు విని తర్వాత మాట్లాడే మగవాళ్లు ఇలా ఊరికొకరు తయారైతే మా కాలమిస్టుల వృత్తి ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

చివరగా నైజర్ దేశపు పెట్టె. 1991లో మరాడి ప్రాంతంలో మొదలైన మాతా మాసు దుబారా అనే పొదుపు సంఘాల్లో స్త్రీలు వారం వారం తలా కొంత వేసుకుని, అందులోంచే ఒకరికొకరు అప్పులిచ్చుకుంటారు. బయటి పెట్టుబడి లేదు. చదువు రానివాళ్లు లెక్కలన్నీ నోటికి చెబుతారు. ఆ పద్ధతి ఆఫ్రికా అంతటా పాకిపోయింది. ఇప్పుడు చాలా సంఘాలకు ఒక ఇనుప పెట్టె, దానికి మూడు తాళాలు ఉంటాయి. తాళం చెవులు ముగ్గురు వేరు వేరు స్త్రీల దగ్గర, పెట్టె నాలుగో ఆవిడ దగ్గర. అందరి ముందు తప్ప తెరవరు. మనుషుల మధ్య ఇంత అపనమ్మకం చూసి నా మనసు కలుక్కుమంది.

అందుకే మా కాలనీలో పురుషుల పొదుపు సంఘం ఒకటి స్థాపిస్తున్నాం. పెట్టె ఇనుపదే, తాళాలు మూడే. తాళం చెవులు మాత్రం మూడూ అధ్యక్షుడి దగ్గర ఉంటాయి, పెట్టె కూడా అక్కడే. అధ్యక్షుడిగా నన్ను నేనే ఏకగ్రీవంగా ఎన్నుకున్నాను. మొదటి సమావేశం ఆదివారం. టీ, పకోడీల ఖర్చు పెట్టెలోంచే తీయడం జరుగుతుంది, సభ్యులు ముందు డబ్బు వేయగలరు.