93 ఏళ్ళు ముందొచ్చి కూర్చున్న స్టేషన్

బెంగళూరు ఎయిర్‌పోర్టు దగ్గరున్న దొడ్డజాల పాత రైల్వే స్టేషన్ మూతపడిందని మన బెంగళూరు జనాలు తెగ బాధపడిపోతుంటారు, ఆ రాతి గోడల ఫొటో పెట్టి కింద ఒక ఏడుపు బొమ్మ కూడా పెడతారు. నేను ఆ బాపతు కాదు. తప్పంతా స్టేషన్‌దే అని నా గట్టి అభిప్రాయం, కాస్త ఓపిక పట్టండి, రుజువు చేస్తా.

అసలు 1915లో దాన్నెవరు రమ్మన్నారండీ? యశ్వంతపురం నుంచి యలహంక, దొడ్డజాల, దేవనహళ్ళి, నంది మీదుగా చిక్కబళ్ళాపూర్ దాకా రెండున్నర అడుగుల వెడల్పు పట్టాల మీద ఓ బుల్లి రైలు వేశారు. అప్పుడు మైసూరు దివాను విశ్వేశ్వరయ్య గారు, ఆయన పుట్టిన ముద్దేనహళ్ళి ఆ చిక్కబళ్ళాపూర్ పక్కనే, పూర్వీకులదేమో మన ఉమ్మడి ప్రకాశం జిల్లా మోక్షగుండం, అందుకే ప్రతి సెప్టెంబర్ 15న అపార్ట్‌మెంట్ తెలుగు గ్రూపులో "మనోడే" అని ఆయన ఫొటో నలభై సార్లు తిరుగుతుంది. ఆ మనోడి హయాంలో వచ్చిన రైలు ఏమైందని మాత్రం ఒక్కడూ అడగడు. అడిగితే అడ్మిన్ ఊరుకోడు, రాజకీయాలు వద్దంటాడు.

ఎయిర్‌పోర్టు వచ్చింది 2008 మేలో. అంటే ఎక్కాల్సిన జనం కంటే స్టేషన్ 93 ఏళ్ళు ముందే వచ్చి కూర్చుంది. మన పెళ్ళిళ్ళకి ముహూర్తం రాత్రి అయితే పొద్దున్నే వచ్చేసి ముందు వరసలో కూర్చునే పెద్దాయన ఒకరుంటారు చూడండి, వంటవాళ్ళే ఇంకా రాలేదు, ఆయనకి కాఫీ ఎవరిస్తారు? ఇదీ అంతే.

పైగా సన్నం. దేశమంతా ఐదున్నర అడుగుల పట్టాలే ఉండాలని 1992లో యూనిగేజ్ మొదలయ్యాక చిన్న పట్టాలు పీకేశారు, పెద్దవి వేశారు, ఆ సందడిలో దొడ్డజాల పాత బిల్డింగుని ఎక్కడున్నదాన్ని అక్కడే వదిలేశారు. లైను బతికే ఉంది, రైళ్ళు నడుస్తూనే ఉన్నాయి, ఈ పాత బిల్డింగుతో వాటికి పనిలేదు అంతే. దీనికేదో అన్యాయం జరిగిందనుకునేరు, ఇదే చిన్న లైనులో చిక్కబళ్ళాపూర్ నుంచి అటు కోలారు దాకా ఉన్న ముక్కకైతే పెద్ద రైలు 2013లో గానీ రాలేదు, చిన్న రైలు ఆగిన రోజు ఉయ్యాల్లో ఉన్న పిల్లాడికి పెద్ద రైలు కూత వినేసరికి మీసాలొచ్చేశాయి.

ఇక అసలు ఘట్టం. ఎయిర్‌పోర్టు పక్క నుంచే ఒక రైలు లైను పోతోందన్న రహస్యం పెద్దలకి 2021 జనవరి 4న బయటపడింది. పన్నెండున్నరేళ్ళు ఎలా కనిపించలేదు అని అడక్కండి, పట్టాలు నేల మీద ఉంటాయి, విమానాలవాళ్ళు పైకి చూస్తారు. ఆ రోజు కొత్తగా ఒక హాల్ట్ తెరిచారు. స్టేషన్ కాదు, హాల్ట్, అంటే రైలు కాసేపు ఆగిపోయే చిన్న చోటు. అక్కడ దిగి బస్సెక్కి టెర్మినల్‌కి పోవాలి. టికెట్టు కాఫీ ఖరీదు, బయటి కాఫీ అండోయ్, టెర్మినల్ లోపలి కాఫీ డబ్బులతో అయితే కుటుంబమంతా వెళ్ళి రావచ్చు. కాకపోతే రైళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని, అవి మన విమానం టైముకి వస్తాయన్న పూచీ ఏమీ లేదు. అందుకని మేం సాఫ్ట్‌వేర్ వాళ్ళం, అమెరికాలో సర్వర్ పడిపోతే అర్ధరాత్రి నిద్రలో కూడా లేపి నిలబెట్టేవాళ్ళం, ఆ రైలు టైం కనుక్కోలేక క్యాబ్ బుక్ చేసుకుని హెబ్బాళ ఫ్లైఓవర్ మీద కూర్చుంటాం. పోయిన నెల నేను గంటా పది నిమిషాలు కూర్చున్నా. డ్రైవర్ చిత్తూరు అబ్బాయి, పాపం అతని పెళ్ళిచూపుల కథ మొత్తం అయిపోయింది, ఫ్లైఓవర్ మాత్రం అవలేదు.

ఆ కోపంతోనే ఒక ఆదివారం నేరస్థుణ్ణి కళ్ళారా చూద్దామని దొడ్డజాల వెళ్ళా. కోసుగా తీసిన రాతి కమానులు, లోపల గడ్డి, ఒక మూల సీసాలు, గోడ మీద ఎవరో జంట పేర్లు బాణం గుర్తుతో సహా. నీడలో బుట్ట పెట్టుకుని జామకాయలమ్మే తాత కూర్చున్నాడు. నా ఫోన్ మాటలు విని, "ఏమప్పా, తెలుగోళ్ళా? ఏ ఊరు?" అన్నాడు.

"ఒంగోలు తాతా. మీదీ తెలుగేనా?"

"ఇంట్లో తెలుగే, బయట కన్నడం. మా పక్క అంతా ఇంతే."

చిన్న రైలు ఎక్కారా అంటే ముఖం వెలిగిపోయింది. "ఎక్కకుండా ఎట్ల? మా నాయన చిక్కబళ్ళాపురం సంతకి కాయగూరలు ఏసుకోని పోతుండె. మా చెల్లెలు ఎప్పుడూ ఆలస్యమే. గార్డుకి ఒక కొత్తిమీర కట్ట ఇస్తే అది పరిగెత్తుకుంటా వచ్చేదాకా నిలిపేవాడు రైలు."

కట్ట కొత్తిమీర. నా క్యాబ్‌వాడు వాన పడితే వసూలు చేసే రెట్టింపు చార్జీకి ఆ రోజుల్లో పేరు అదన్నమాట. ఈ లంచగొండితనం వల్లే లైను పాడైపోయి ఉంటుందని నేను నోట్ చేసుకున్నా.

ఇప్పుడు హైవే పక్కనే మెట్రో పనులు, ఎయిర్‌పోర్టుకి పోయే బ్లూ లైన్. ఆ ప్లాన్‌లో ఒక స్టేషన్ పేరేంటో చెప్పమంటారా, దొడ్డజాల. జనం దొడ్డజాల మీదుగా రైల్లో వెళ్ళొచ్చని మన నిపుణులు ఎన్నో సర్వేలు చేసి, మట్టి పరీక్షలు చేసి, మ్యాపులు గీసి తేల్చారు. తాతకి చెప్తే, "దీంట్లో కనుక్కోడానికేముందప్పా, నన్నడిగినా చెప్పుంటే" అన్నాడు. చదువులేనివాళ్ళతో ఇదే చిక్కు, ప్రాజెక్ట్ రిపోర్ట్ విలువ తెలీదు.

ఇంతలో ఒక జంట దిగింది, పెళ్ళికి ముందు ఫొటోషూట్ అట, అమ్మాయి ఎర్ర గౌను తోక పట్టుకోడానికి ఒక మనిషి, పొగ వదలడానికి ఒక మనిషి. స్టేషన్‌లో చివరికి పొగైతే వచ్చింది. ఫొటోగ్రాఫర్ కెమెరాలోంచి ఒకటికి రెండుసార్లు చూసి, చెయ్యి ఊపుతూ తాత వైపు అరిచాడు. "తాతా, బుట్ట తీసుకుని కొంచెం అవతలకి జరుగు, ఓల్డ్ లుక్ చెడిపోతోంది!"