తాతగారి రివాల్వర్‌కు చరిత్ర రాయడంలో పాటించవలసిన మర్యాదలు

వారసత్వంగా సంక్రమించిన యుద్ధకాలపు రివాల్వర్‌కు చరిత్ర రాయడమెలా అన్న విషయమై ఇంతవరకు ఎవరూ పద్ధతిగా నియమాలు ఏర్పరచకపోవడం శోచనీయం. ఈ లోటు వల్ల జరుగుతున్న అనర్థం అంతా ఇంతా కాదు. శత్రుసేనానిని పడగొట్టి తాతగారు స్వహస్తాలతో లాక్కున్నదిగా మూడు తరాలపాటు పేరు మోసిన ఆయుధం, భూతద్దం పట్టిన ఒక మనవడి పుణ్యమా అని, ఒక్క పూటలో, చెక్కపెట్టెలో సర్దుకుని కర్మాగారం నుంచి గిడ్డంగికి చేరిన మామూలు సరుకుగా దిగజారిపోతోంది. కనుక కుటుంబ గౌరవ పరిరక్షణార్థం కొన్ని మర్యాదలను ప్రతిపాదించక తప్పడం లేదు.

అన్నిటికన్నా ముఖ్యం, కథ ముందు పుట్టాలి, ఆధారాలు దాని వెనక నడవాలి. ఈ విషయంలో కుటుంబాలు ఇప్పటికే ప్రశంసనీయమైన ఏకాభిప్రాయం సాధించాయి. ఆయుధం పోగొట్టుకున్న శత్రువు ఎప్పుడూ కల్నల్ హోదాకు తగ్గడు. వంటవాడి దగ్గరో టపా గుమాస్తా దగ్గరో ఏదైనా లాక్కున్న తాతగారు ఎక్కడా కనబడరు. చిక్కల్లా ఏమిటంటే, జర్మన్ కల్నల్ నడుము నుంచి ఊడబెరికిన ఆ రివాల్వర్ మీద వెబ్లీ అనీ, మార్క్ 6 అనీ, 1917 అనీ నిక్షేపంగా చెక్కి ఉంటుంది. అది వెబ్లీ కంపెనీ బర్మింగ్‌హామ్‌లో తయారుచేసిన, 1915లో బ్రిటిష్ సైన్యం స్వీకరించిన .455 బోరు నమూనా. సొంత సైన్యంలో లూగర్ పిస్తోళ్లు ఉండగా కల్నల్ గారు ఎదుటి పక్షపు రివాల్వర్ తగిలించుకుని యుద్ధానికి ఎందుకు వచ్చారని అల్పబుద్ధులు అడుగుతారు. కుటుంబ చరిత్రకారుడు తొణకకుండా చెప్పవలసిన సమాధానం ఒకటే: కల్నల్ దాన్ని బ్రిటిష్ వారి దగ్గర గుంజుకున్నాడు, తాతగారు కల్నల్ దగ్గర తిరిగి గుంజుకున్నారు. ప్రశ్న అడిగినందువల్ల పరాక్రమం రెట్టింపయిందే తప్ప తగ్గలేదు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిష్ అధికారులు చాలామంది తమ రివాల్వర్లను సొంత డబ్బు పెట్టి దుకాణంలో కొనుక్కున్నారనీ, సైన్యం ఇచ్చే తూటా అందులో పడితే చాలన్నది అప్పటి ప్రధాన షరతనీ ఇంట్లో ఎవరూ పైకి అనకూడదు. రసీదుతో మొదలయ్యే వీరగాథను వినడానికి పిల్లలు కూడా కూర్చోరు.

ఇక ముద్రల సంగతి. ఈ ఆయుధాల ఒంటి నిండా పరీక్షకుల అంకెలు, కిరీటాలు, అక్షరాలు గోటి అంచంత పరిమాణంలో కొట్టి ఉంటాయి. వాటిలో మూడు గీతలు ఒకచోట కలిసిన బాణం గుర్తు తరచుగా కనబడుతుంది. ఒక్కో బాణం ఒక్కో శత్రువుకు లెక్క అని కుటుంబాలలో చెప్పుకుంటారు. బ్రిటిష్ ప్రభుత్వం మాత్రం తన సొత్తయిన ప్రతి వస్తువు మీదా ఆ గుర్తే వేసుకుంది కాబట్టి ఈ లెక్కన ఆ దేశపు గిడ్డంగులలోని సామాన్లన్నీ నరహంతకులే కావాలి. అసలు ప్రమాదం అలాంటి బాణాలు రెండు ముక్కూ ముక్కూ ఆనించుకుని ఎదురెదురుగా ఉన్నప్పుడు వస్తుంది. దాన్ని ద్వంద్వయుద్ధానికి సంకేతంగా వర్ణించడం సంప్రదాయం. నిజానికి ఈ వస్తువు మీద తనకిక హక్కు లేదనీ, దీన్ని అమ్మేశాననీ ప్రభుత్వం చేసుకున్న ప్రకటన అది. యుద్ధభూమి నుంచి చొక్కా చాటున తెచ్చిన ఆయుధాన్ని ప్రభుత్వం ఎప్పుడు, ఎవరికి అమ్మిందన్న సందేహాన్ని మొగ్గలోనే తుంచేయాలి. దాని పక్కన, తుపాకీ పేలుడు ఒత్తిడికి తట్టుకుంటుందో లేదో చూసే బర్మింగ్‌హామ్ లేదా లండన్ పరీక్షా కేంద్రం ముద్రలు కూడా ఉంటే మరీ జాగ్రత్త అవసరం. ప్రభుత్వ సొత్తుగా ఉన్నంతకాలం అక్కరలేని ఆ పరీక్ష, బజారులో అమ్మకానికి వచ్చేటప్పుడు తప్పనిసరి.

బ్రిటిష్ సైన్యపు మరో రివాల్వర్ ఎన్‌ఫీల్డ్ నంబర్ 2 దొరికినవారు ఇంతకన్నా అదృష్టవంతులు. దాని 1938 నాటి రూపంలో, బొటనవేలితో వెనక్కి లాగడానికి, తూటాను కొట్టి పేల్చే సుత్తి మీద ఉండవలసిన కొక్కెం ఉండదు. శత్రువు నెత్తిమీద పిడితో, సుత్తితో బాది బాది అది విరిగిపోయిందన్న వివరణ ఎంత సహజంగా ఉంటుందో చెప్పనక్కరలేదు. ఇరుకైన ట్యాంకులలో రాకపోకలు సాగించేవారికి ఆ కొక్కెం తగులుకుంటోందని దాన్ని తీసేసి తయారుచేశారన్న వాదన ప్రచారంలో ఉంది గాని, అందులో తాతగారి పాత్ర ఏమీ లేనందున దాన్ని పరిగణించనక్కరలేదు. అటువంటి వేల రివాల్వర్ల మీద, తాతగారు ఎన్నడూ కలవని వేల తలల మీద, సరిగ్గా ఒకే చోట అది అంత నున్నగా ఎలా విరిగిందన్నది పిల్లల నిద్రవేళ దాటాక చర్చించుకోవచ్చు.

అమెరికా కంపెనీ స్మిత్ అండ్ వెసన్ వారి విక్టరీ నమూనాలో పిడి అడుగున సీరియల్ నంబరుకు ముందు 'వి' అన్న ఇంగ్లిషు అక్షరం ఉంటుంది. అది తమ వంశనామంలోని తొలి అక్షరమేనని నమ్మే కుటుంబాలు లేకపోలేదు. నిజానికి 1942లో పాత నంబర్ల వరుస 10 లక్షలకు చేరగా, విజయానికి గుర్తుగా 'వి' చేర్చి కంపెనీ మళ్లీ ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టింది. బ్రిటన్‌కూ దాని కూటమి దేశాలకూ వెళ్లిన ఈ తరహా రివాల్వర్లే 5 లక్షలు దాటాయి. ఇన్ని లక్షల మంది ఒకే వంశంవారని తేలడం ఐక్యతకు దోహదం చేసే విషయమే. ముందు 'ఎస్' కూడా ఉంటే కథకుడు ఇంకా ఆలోచించుకోవాలి. 1944లో యుద్ధనౌక మీద కిందపడిన రివాల్వర్ ఒకటి దానంతటదే పేలి ఒక నావికుడు మరణించాక, సుత్తికి కొత్త అడ్డు అమర్చిన వాటికి ఆ అక్షరం చేరింది. కాబట్టి 'ఎస్‌వి' నంబరు గల రివాల్వర్‌తో తాతగారు 1940లో డంకర్క్ తీరాన్ని కాపాడారని చెప్పేవారు కాలయానం గురించి కూడా ఒక అధ్యాయం రాసిపెట్టుకోవడం మంచిది.

కొన్ని వెబ్లీలలో తూటాలు పట్టే సిలిండర్ వెనక ముఖాన్ని యంత్రం మీద పలచగా చెక్కేసి ఉంటారు. .455 తూటాలు అరుదైన అమెరికాలో, మిగులు సరుకుగా కొన్న రివాల్వర్లలో అక్కడి .45 ఆటోమేటిక్ తూటాలు పట్టించడానికి చేసిన పని అది. పైగా ఆ తూటా ఒత్తిడి ఆ పాత ఉక్కు తట్టుకోగలిగినదానికన్నా ఎక్కువ. అట్లాంటిక్ మొహం చూడని తాతగారి రివాల్వర్ ఆ పని ఎక్కడ చేయించుకుని వచ్చిందని అడిగితే, చిన్నప్పుడు పెద్దల మాట వినని పిల్లలు పెద్దయ్యాక ఇలాగే తయారవుతారని నిట్టూర్చి ఊరుకోవాలి.

లోహం ఇంత మొండికేసినప్పుడు కాగితం ఆదుకుంటుందని ఆశపడేవారికి ఒక శుభవార్త: కాగితం తగలబడిపోయింది. 1940 సెప్టెంబరు బాంబుదాడిలో లండన్‌లో మొదటి ప్రపంచయుద్ధపు బ్రిటిష్ సైనికుల సేవా పత్రాలు సగానికి పైగా నాశనమయ్యాయి. 1973 జూలై 12న అమెరికాలోని సెయింట్ లూయిస్ భాండాగారంలో చెలరేగిన మంటలకు 1 కోటి 60 లక్షల నుంచి 1 కోటి 80 లక్షల ఫైళ్లు ఆహుతయ్యాయి. కుటుంబ చరిత్రకు అగ్నిదేవుడు చేసినంత సేవ ఏ పరిశోధకుడూ చేయలేదు. ఎవరి తాతగారి సాహసపత్రం కనబడకపోయినా అది ఆ రెండు మంటల్లో ఏదో ఒకదానిలో ఉండితీరుతుంది. మంటలకు దొరకని, సైనిక దళాలు రోజువారీగా రాసుకున్న యుద్ధ డైరీలలో వాన, బురద, నడక, క్షతగాత్రుల సంఖ్య దండిగా ఉంటాయి గాని, ఫలానా నంబరు రివాల్వర్ ఫలానా వీరుడి చేతిలో మెరిసిందన్న వాక్యం కోసం వెతికేవారికి కళ్లు కాయలు కాయడమే మిగులుతుంది. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండన్న నానుడిలోని నేతి స్థానంలో తుపాకీ నూనె చేరింది, అంతే తేడా.

స్మిత్ అండ్ వెసన్, కోల్ట్ రివాల్వర్లకైతే, రుసుము చెల్లించినవారికి పాత చిట్టాలు చూసి ఉత్తరం రాసి పంపే ఏర్పాటు ఉంది. దురదృష్టవశాత్తూ ఆ ఉత్తరంలో సరుకు బయలుదేరిన తేదీ, చేరవలసిన గిడ్డంగి, ఒక్కోసారి దాని వెంట వెళ్లిన తోటి రివాల్వర్ల సంఖ్య ఉంటాయి, కల్నల్ ఉండడు. ఎవరూ దాన్ని చదవనక్కరలేదు, పటం కట్టించి ఎత్తుగా తగిలిస్తే చాలు.

బ్రిటన్‌లో 1997 చట్టం చేతి తుపాకులను దాదాపుగా నిషేధిస్తూ, చారిత్రక ప్రాముఖ్యం గలవాటిని నిర్దేశించిన స్థలంలో ఉంచుకునే వీలు కల్పించింది. అంత ఉదారంగా ఆలోచించిన శాసనకర్తలు ఆ ప్రాముఖ్యాన్ని నిరూపించడానికి పెద్దమ్మగారి జ్ఞాపకశక్తిని చాలినంత సాక్ష్యంగా ఎందుకు గుర్తించలేదో తెలియదు. ఏ దేశంలోనైనా లైసెన్సు దరఖాస్తు నంబరు అడుగుతుంది, బోరు అడుగుతుంది, కథ అడగదు. ఈ అన్యాయాన్ని సరిదిద్దే సవరణ వచ్చేలోగా, కథ చెబుతూ రివాల్వర్‌ను అతిథుల వైపు తిప్పే అలవాటు గలవారు సిలిండర్ తెరిచి ఆరు గదులూ ఒకసారి చూసుకోవాలని మనవి. తాతగారు ఆ రోజు కాల్చినవి ఐదే తూటాలని కథే చెబుతోంది.