అటక మీది బర్మారుకు ఒక దారి కావాలి

దసరా నాడు జమ్మికి పోయే ముందు ఇంట్లోని ఆయుధాలకు పసుపు కుంకుమ పెట్టడం మన దగ్గర పాత అలవాటు. కొన్నేళ్ల కిందట పరకాల వైపు ఒక ఊళ్లో, ఆ పూజ కోసమే అటక మీంచి దింపిన తుపాకిని చూశాను. చెక్క మడమను చెదలు సగం తినేశాయి. గొట్టం మీద తుప్పు పొరలు పొరలుగా లేస్తోంది. ఇంటి పెద్దాయన దాన్ని బర్మారు అన్నాడు. మూతి నుంచి మందు దట్టించి పేల్చే ప్రతి తుపాకీ మన ఊళ్లలో బర్మారే. కానీ ట్రిగ్గరు పైనున్న ఇనుప పలకను నూనె గుడ్డతో తుడిస్తే ఒక చిన్న బొమ్మ తేలింది. వెనక కాళ్ల మీద లేచి, ముందు కాళ్లతో కిరీటం పట్టుకున్న సింహం. ఊరి కమ్మరి కొట్టిన ముద్ర కాదది, ఈస్టిండియా కంపెనీది. 1808 ప్రాంతం నుంచి కంపెనీ తన సిపాయిల తుపాకుల మీద ఆ సింహాన్నే కొట్టించింది. అంతకు ముందు గుండె ఆకారపు ముద్ర ఉండేది.

రెండు వందల ఏళ్ల నాటి సైనిక తుపాకి పరకాల పక్క పల్లెకు ఎట్లా చేరింది? తర్వాత ఏడాది ఆ సంగతి అడుగుదామని వెళ్తే తుపాకే లేదు. పోలీసుల టెన్షన్ పడలేక పాడుబడ్డ బావిలో పడేశారట.

చారిత్రక సైనిక తుపాకులు సేకరించాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగే కుర్రవాళ్లు ఈ మధ్య వరంగల్, కరీంనగర్‌లలో కూడా కనిపిస్తున్నారు. నాకు సంతోషమే. కాకపోతే విదేశీ వీడియోల్లో గోడ నిండా రైఫిళ్లు చూసి ఇక్కడా అట్లాగే కుదురుతుందనుకుంటే చిక్కుల్లో పడతారు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకోకూడదు. 2019 సవరణ తర్వాత లైసెన్సు ఉన్నవాళ్లకైనా రెండే. అందరూ ఆశపడే త్రీ నాట్ త్రీ, అంటే ప్రపంచ యుద్ధాల్లో భారత సిపాయి మోసిన లీ ఎన్‌ఫీల్డ్, నిషిద్ధ బోరు, అంటే మామూలు జనానికి ఇవ్వని గొట్టపు కొలత కింద లెక్క. దాని గొట్టాన్ని మార్చి పోలీసులకిచ్చిన 410 మస్కెట్ కూడా అంతే. మామూలు మనిషి వాటి జోలికి పోకూడదు.

అయితే చట్టం తలుపు పూర్తిగా మూయలేదు. సెక్షన్ 45(సి) చదవండి. పాత నమూనాది గానీ, పురాతన విలువ ఉన్నది గానీ, పాడైపోయినది గానీ అయిన ఆయుధం, రిపేరు చేసినా చేయకపోయినా తుపాకిగా పనికిరానిదైతే, దానికి చట్టం వర్తించదు. బావిలో పడ్డ ఆ తుపాకికి ఈ మినహాయింపు దొరికేదేమో. చిక్కంతా 'రిపేరు చేసినా' అన్న మాట దగ్గరే ఉంది. బాగు చేస్తే పేలుతుందా పేలదా అన్నది ఇంటి పెద్దాయన ఎట్లా తేలుస్తాడు? తేల్చమని తుపాకి పట్టుకుని ఠాణాకు పోతే తిరిగి ఇంటికొస్తానో లేదో అన్న భయం ఆయనది.

ఆ భయాన్ని నేను తప్పు పట్టలేను. ఉత్తర తెలంగాణలో తుపాకి అంటే దశాబ్దాల పాటు నక్సలైట్లు, ఎన్‌కౌంటర్లు, అర్ధరాత్రి సోదాలు. ఏటూరునాగారం, కవ్వాల్ అడవుల వైపైతే నాటు తుపాకి అంటే వేటగాళ్ల కేసు. ఈ రెండు అనుమానాల మధ్య చిక్కిన పాత బర్మారుకు చరిత్ర ఉందన్న మాటే ఎవరికీ తోచదు.

చరిత్ర మాత్రం గట్టిదే. జోడేఘాట్‌లో 1940లో కొమురం భీం వెంట నిలిచిన గోండుల చేతుల్లో బర్మార్లు కూడా ఉన్నాయి. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లి జనం బురుజెక్కి రజాకార్లను ఎదిరించినప్పుడు కూడా అవి ఉన్నాయి. అదే ఏడాది సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ కరాచీ నుంచి రాత్రిళ్లు విమానాల్లో నిజాం సైన్యానికి ఆయుధాలు చేరవేశాడు. ఒకే నేల మీద ఒకవైపు దట్టించే తుపాకి, మరోవైపు విమానంలో దిగిన సరుకు. ఆ తేడా ఎంతటిదో కళ్లారా చూపించాలంటే ఆ ఇనుము మిగిలి ఉండాలి.

అందుకే కొత్తవాళ్లకు నేను చెప్పేది, ఇనుము కంటే ముందు కాగితం పట్టుకోమని. మొదటి ప్రపంచ యుద్ధంలో హైదరాబాద్ లాన్సర్లు, అంటే నిజాం గుర్రపు దళం సిపాయిలు, సూయజ్, పాలస్తీనాల దాకా పోయారు. ఆ కాలపు పతకాల అంచు మీద సిపాయి పేరు, నంబరు, దళం చెక్కి ఉంటాయి. ఒక పతకం, ఒక డిశ్చార్జి కాగితం, పాత డ్రిల్లు పుస్తకం, యూనిఫాం గుండీ: వీటికి ఏ లైసెన్సూ అక్కర్లేదు. తుపాకుల మీద ముద్రలు చదవడం నేర్చుకోవాలంటే సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గదిలో ఒక పూట గడపండి. ఎవరింట్లోనైనా బర్మారు కనబడితే ట్రిగ్గరు నొక్కి చూడొద్దు, పొయ్యి దగ్గరికి తీసుకుపోవద్దు. లోపల ఎప్పుడో దట్టించిన మందు పొడిగా ఉంటే ఇన్నేళ్ల తర్వాత కూడా అంటుకుంటుంది. ఇసుక కాగితంతో తుప్పు గీకడం ఇంకో పాపం. ముద్ర కూడా దాంతోపాటే పోతుంది.

ప్రభుత్వం చేయగలిగింది పెద్ద ఖర్చు పని కాదు. ఏడాదికో వారం, జిల్లా కేంద్రంలో పోలీసు ఆర్మరర్ (తుపాకుల మరమ్మతు తెలిసినవాడు), పురావస్తు శాఖ మనిషి ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. తెచ్చినవాళ్ల మీద ఆ వారం కేసు ఉండదని కలెక్టరు రాతపూర్వకంగా చెప్పాలి. తుపాకి పనికిరానిదైతే ఆ మాట కాగితం మీద రాసి ఇంటికి పంపాలి. పేలే స్థితిలో ఉంటే యజమాని ఒప్పుకోలుతో గొట్టం మూయించాలి, లేదా ఆ ఇంటి పేరు రాసి మ్యూజియంలో పెట్టాలి. ఏ ఊరు, ఎవరి తాత, ఎట్లా వచ్చింది అన్న నాలుగు వాక్యాలు రాసుకోవడం మాత్రం మరవొద్దు. ఆ నాలుగు వాక్యాలు లేని తుపాకి తూకానికి పోయే ఇనుమే.

పరకాల వైపు ఆ పెద్దాయన మనవడు ఇప్పుడు హనుమకొండలో డిగ్రీ చదువుతున్నాడు. ఆ రోజు నేను తీసిన సింహం ముద్ర ఫోటో అడిగితే పంపాను. దాన్ని ప్రింటు తీయించి, కింద వాళ్ల తాత చెప్పిన మాటలు రాసి నోటుబుక్కులో అంటించాడట. బావిని మొన్న ఎండాకాలం పూడ్చేశారు.