మూడు వందల మీటర్ల టూర్ డి ఫ్రాన్స్

జూన్ 3న మా ఇంటికి పేపర్ ఎనిమిదిన్నరకు వచ్చింది. పేపర్ వేసే పిల్లాడు రోజూ ఆరు కాకముందే సైకిల్ బెల్లు కొట్టేవాడు. ఏమైందిరా అంటే, "నయీంనగర్ కాడ ఆపిన్రు సార్. సైకిళ్లు పోవద్దంట. సైకిల్ ర్యాలీ ఉందంట" అన్నాడు.

అవును మరి, ప్రపంచ సైకిల్ దినోత్సవం. ఐక్యరాజ్యసమితి 2018లో ప్రకటించింది. ఆ రోజు హనుమకొండలో సైకిళ్లు తిరగకూడదని మాత్రం వాళ్లు అనుకుని ఉండరు.

ఐదున్నర నుంచే బారికేడ్లు పెట్టారు. ముఖ్య అతిథి గారు తొమ్మిదిన్నరకు కారు దిగారు. ప్లాస్టిక్ కవరు ఇంకా తీయని కొత్త సైకిల్ మీద మూడు వందల మీటర్లు ప్రయాణించి, మైకు అందుకుని, "వరంగల్ గడ్డ నుంచి టూర్ డి ఫ్రాన్స్ విజేతను తయారు చేస్తాం" అన్నారు. పక్కనున్నవాళ్లు ముసిముసిగా నవ్వారు. నేను నవ్వలేదు. ఆ పోటీకి కావలసిన హంగులన్నీ ఆయన దగ్గర అప్పటికే ఉన్నాయి.

ఫ్రాన్స్‌లో 1903లో మొదలైన సైకిల్ పోటీ అది. మూడు వారాలు, రోజుకో పందెంగా 21 అంచెలు, దాదాపు 3,400 కిలోమీటర్లు. జట్టుకు ఎనిమిది మంది. గెలవాలని వచ్చేవాడు అందులో సాధారణంగా ఒక్కడే. మిగతావాళ్లను డొమెస్టిక్ అంటారు, ఫ్రెంచిలో నౌకరని అర్థం. వెనక కారు దగ్గరికి పోయి నీళ్ల సీసాలు చొక్కాలో కుక్కుకుని రావాలి. నాయకుడికి గాలి తగలకుండా ముందు తొక్కాలి. ఆయన చక్రం పంచరైతే తన చక్రం ఊడదీసి ఇచ్చేయాలి. పదేళ్లు ఇలా తొక్కి, ఒక్క అంచె కూడా గెలవకుండా ఇంటికి పోయేవాళ్లు ఎందరో. మా జిల్లాలో దీన్నే ద్వితీయ శ్రేణి నాయకత్వం అంటాం.

అతిథి గారి జట్టు ఎనిమిది కాదు, నలభై. ఇద్దరు సీటు పట్టుకున్నారు. ఒకాయన హ్యాండిల్ పట్టాడు. ఇంకొకాయన పంచె కుచ్చిళ్లు చైన్లో పడకుండా రెండు చేతులా పట్టుకుని పక్కనే పరుగెత్తాడు, ఆయన చెప్పు ఒకటి మధ్యలో జారిపోయినా ఆగలేదు. "అన్నా, పైలం!" అని ఒకరు. "మీరు తొక్కకుండ్రి సార్, మేం నూకుతం" అని మరొకరు. ముందువాడి వెనక నక్కి తొక్కితే గాలి దెబ్బ తగ్గి బోలెడు శ్రమ మిగులుతుందని ఆ ఆటలో మొదటి పాఠం. మనవాళ్లకు ఇది ఒకరు నేర్పాలా? ఐదేళ్లు ఒకరి వీపు వెనకే నక్కి, చివరి రెండు వందల మీటర్లలో పక్కకు తప్పుకుని, వేరే కండువాతో గీత దాటిన వీరులు ఏ నియోజకవర్గంలో లేరు! సత్తువ పెంచే నిషేధిత మందులు వాడాడని 2012లో అమెరికా సైక్లిస్టు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ దగ్గర ఏడు టూర్ టైటిళ్లు లాగేసుకున్నారు. అంత కఠినత్వం మనకు అలవాటు లేదు.

సరే, విజేతను తయారు చేస్తారు. ఆఫ్రికా దేశం ఎరిత్రియాలో పుట్టిన బినియమ్ గిర్మాయ్ 2024 టూర్‌లో మూడు అంచెలు గెలిచి, పాయింట్లలో మొదటివాడికిచ్చే ఆకుపచ్చ జెర్సీ పట్టుకుపోయాడు. ఆ దేశమేమీ మనకన్నా డబ్బున్నది కాదు. మా పేపర్ పిల్లాడి కాళ్లలో అంత సత్తువ ఉందో లేదో తెలుసుకునే దారి కూడా ఇక్కడ లేదు. హసన్‌పర్తి అవతలి ఊరి నుంచి తెల్లారగట్ల నాలుగింటికి బయలుదేరతాడు. పోటీ సైకిల్ 6.8 కిలోలకు తగ్గకూడదని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య నిబంధన. వీడి పాత సైకిల్ దానికి రెండింతల పైనే తూగుతుంది, పేపర్ల బరువు వేరే. వెనక గ్రానైట్ లారీ హారన్ కొడితే డాంబరు దిగాలి. డాంబరుకూ మట్టికీ మధ్య జానెడు లోతు. అక్కడ పడి లేవని వాళ్లను మనం చూడలేదా? నాలుగు లైన్ల వార్త. దాన్ని తెచ్చి మన గుమ్మంలో వేసేదీ ఇలాంటి పిల్లాడే. టూర్ డి ఫ్రాన్స్ ఎవడడిగాడు మిమ్మల్ని? హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్‌కు సోలార్ పలకల నీడ కూడా వేశారు. మావాడికి నీడ వద్దు. గజం వెడల్పు డాంబరు వేయండి. అదీ చేతకాకపోతే అడ్డం నిలబడకండి, వాడు పేపర్లు వేసి కాలేజీకి పోవాలి.

పది గంటలకల్లా ర్యాలీ సైకిళ్లన్నీ డీసీఎం వ్యానులో ఎక్కించుకుని పోయారు. మర్నాడు జిల్లా పేజీలో పెద్ద ఫొటో, సైకిల్ మీద అతిథి గారు, చుట్టూ నలభై మంది. పిల్లాడు పేపర్ ఇవ్వబోతూ ఆ ఫొటో వైపు కాసేపు చూశాడు.

"సీటు మస్తు కిందికుంది సార్. గిట్ల తొక్కితే మోకాళ్లు పోతయ్."