రెండొందల యాభై రూపాయల టర్బో

హోర్డింగ్ మీద "ప్రారంభ ధర" అని వేసే కారు ఒకటుంటుంది చూశారా, దాన్ని రోడ్డు మీద నేనెప్పుడూ చూడలేదు. ఎదురుగా వచ్చినా గుర్తుపట్టలేం, ఎందుకంటే కొన్న మర్నాడే ఓనరు వీల్ క్యాపులు, సీటు కవర్లు, టచ్ స్క్రీను పెట్టించేసి అది బేస్ మోడల్ అన్న ఆనవాలు లేకుండా చేసేస్తాడు. షోరూంలోనూ అది కనపడదు. అడిగితే సేల్స్ కుర్రాడు గొంతు తగ్గించి "బేస్ అయితే ఆర్డర్ పెట్టాలి సార్, టైం పడుతుంది, అందులో మ్యూజిక్ సిస్టం రాదు, వెనక వైపర్ రాదు, వెనక అద్దాలకి బటన్లు రావు" అని రానివన్నీ చదువుకుంటూ పోతాడు. చక్రాలైనా వస్తాయా అని మనమే అడగాలి.

2023 వేసవిలో మా బావ ఈ ఊబిలో దిగాడు. బావ అంటే మా అక్క మొగుడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, కూకట్‌పల్లిలో ఫ్లాటు, ఏది కొన్నా ముందు ఎక్సెల్ షీటు తెరిచే అలవాటు. మిక్సీ కొన్నప్పుడు కూడా తెరిచాడు. ఏ కారు అన్నది తొందరగానే తేలిపోయింది (పేరు వద్దులెండి, జరిగినదాంట్లో కంపెనీ తప్పేం లేదు). తేలనిది ఏ మోడల్ అన్నదే. బాడీ అదే, తలుపులు అవే, లోపల ఇంజిన్లు మాత్రం రెండు రకాలు. ఒకటి 1197 సీసీ, నాలుగు సిలిండర్ల మామూలు పెట్రోల్ ఇంజిన్. రెండోది 998 సీసీ, మూడు సిలిండర్ల టర్బో. సీసీ తక్కువ, సిలిండర్ తక్కువ, ధర మాత్రం రెండు లక్షల పైచిలుకు ఎక్కువ. ఖమ్మంలో ఉన్న మా నాన్నకి ఫోన్లో ఈ సంగతి చెబితే "సరుకు తగ్గించి రేటు పెంచాడంటే వాడెవడో గట్టివాడే" అన్నారు.

బావ ఓపిగ్గా వివరించాడు. పొగ గొట్టంలోంచి ఊరికే పోయే వేడి గాలితో చిన్న ఫ్యాన్ లాంటిది తిప్పుతారు, అది నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగి ఇంజిన్‌లోకి తాజా గాలిని ఒత్తి పంపిస్తుంది, గాలి ఎక్కువైతే పెట్రోలూ ఎక్కువ మండించొచ్చు, అందుకే అంత చిన్న ఇంజినూ వంద గుర్రాల బలం చూపిస్తుంది. నాన్న అంతా విని "అంటే పొగతో నడుస్తుందన్నమాట" అన్నారు. బావ చెప్పకుండా దాచింది ఒకటుంది. ఇంజిన్ ఓ పదిహేనొందల ఆర్‌పీఎం పైకి వెళ్తేగాని ఆ ఫ్యాన్‌కి పూర్తిగా మెలకువ రాదు. పొద్దున తొమ్మిదిన్నరకి జేఎన్‌టీయూ నుంచి హైటెక్ సిటీకి వెళ్ళేవాడికి ఆ మెలకువ వచ్చేలోపే ముందున్న ఆటో వెనక భాగం వచ్చేస్తుంది. బావ ఆఫీసుకి రోజూ వెళ్ళే దారి అదే.

కానీ టెస్ట్ డ్రైవ్ అనేది ఒకటి పెట్టారు కదా. దానికి షోరూం వాళ్ళు బేస్ మోడల్ ఇవ్వరు, టాప్ మోడలే ఇస్తారు, అదీ మనల్ని ఆదివారం పొద్దున్నే రమ్మంటారు. ఖాళీ రోడ్డు మీద బావ ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కాడు. వెనక సీట్లో ఉన్న నా ఫోను ఒళ్ళోంచి ఎగిరి ఎక్కడో పడింది, అక్క వెంకటేశ్వరస్వామిని తల్చుకుంది. దిగిన తర్వాత బావ మొహంలో కనిపించిన వెలుగు తమ పెళ్ళి వీడియోలో కూడా లేదని అక్క ఇప్పటికీ అంటూ ఉంటుంది.

అక్కడి నుంచి మొదలైంది మెట్లెక్కడం. బేస్‌కీ దాని పై మోడల్‌కీ తేడా ఎనభై వేలు, "ఎనభై పెడితే మ్యూజిక్, కెమెరా, అన్ని అద్దాలకీ బటన్లు వస్తాయి". దాని పైదానికి ఇంకో డెబ్భై, "అల్లాయ్ వీల్సే బయట నలభై అవుతాయి కదా". ఇంత దాకా వచ్చాక టర్బోకి ఇంకెంతో లేదు. ఎనిమిది లక్షలతో బయల్దేరినవాడు పదకొండున్నర దగ్గర తేలి, ఈఎంఐ నెలకి ఇంతేగా అని తనకి తనే చెప్పుకుంటాడు. దారిలో ఎక్కడా ఎవరూ బలవంతం చెయ్యరు, అన్నీ మన నోటితోనే అనిపిస్తారు. ఈ విద్య ముందు చిట్‌ఫండ్ వాళ్ళు కూడా దిగదుడుపే.

బావని ఆపింది ఎక్సెల్ షీటే. అప్పట్లో తెలంగాణలో కారు ధర ఐదు నుంచి పది లక్షల లోపు ఉంటే లైఫ్ ట్యాక్స్ 14 శాతం, పది దాటితే ఇరవై దాకా 17 శాతం. దాటిన పైమొత్తం మీద మాత్రమే కాదు, అసలు ధర మొత్తం మీద. 9,90,000 కారుకి ట్యాక్స్ 1,38,600 అయితే, 10,10,000 కారుకి 1,71,700. అంటే ఇరవై వేల సోకు కోసం ముప్ఫై మూడు వేలు ట్యాక్సు ఎక్కువ. దాని మీద ఒక శాతం టీసీఎస్ అని ఇంకో పదివేల వంద షోరూం వాడే పట్టుకుంటాడు, అది తర్వాత ఇన్‌కం ట్యాక్స్ లెక్కలో సర్దుబాటవుతుంది గానీ ఆ రోజు జేబులోంచి పోయేది పోయేదే. టర్బోలన్నీ ఆ గీతకి అవతలే ఉన్నాయి. బావ రాత్రంతా షీటు ముందు కూర్చున్నాడు. ఇన్సూరెన్సు, మైలేజీ, పదేళ్ళ పెట్రోలు ఖర్చు అన్నీ వేశాడు. పొద్దున అక్క కాఫీ తెచ్చేసరికి "మామూలు ఇంజినే తీసుకుంటున్నాం" అన్నాడు నీరసంగా.

మంచి నిర్ణయమే, నా మటుకు నేను మెచ్చుకున్నాను. గొడవంతా తర్వాత డెకార్ షాపుకి వెళ్ళడంతో వచ్చింది.

కింది నుంచి రెండో మోడల్ తీసుకున్నాడు కాబట్టి సీటు కవర్లు, మ్యాట్లు వేయించడానికి వెళ్ళాం. పని అయ్యాక ఆ షాపు కుర్రాడు కారు చుట్టూ ఓసారి తిరిగి, వెనక డిక్కీ వైపు చూసి, "అన్నా, ఈడ ఖాళీగ కొడుతుంది, టర్బో అని బ్యాడ్జ్ పెట్టాల్నా? రెండొందల యాభై ఇయ్యి చాలు" అన్నాడు. రెండు లక్షలకి పైగా మిగుల్చుకున్న మనిషి రెండొందల యాభై దగ్గర జారిపోయాడు. క్రోమ్ అక్షరాలు, ఎర్ర గీత, చూడ్డానికి కంపెనీ వేసినట్టే ఉంది. అక్క చూసి "ఇదేంటండీ?" అంటే "డిజైన్" అన్నాడు.

డిజైన్ కాస్తా ఖర్చులు పెట్టడం మొదలుపెట్టింది. పెట్రోల్ బంకులో కుర్రాడు వెనక చదివి "టర్బోకి పవర్ పెట్రోల్ వెయ్యనా సార్?" అంటాడు, పక్కన ఆఫీసు వాళ్ళుంటే బావ వద్దనలేడు. సిగ్నల్ దగ్గర ఎవడో కుర్రాడు పక్కన ఆపి ఇంజిన్ రయ్ రయ్ మనిపించి పందానికి రమ్మంటాడు, పచ్చ లైటు పడగానే బావ ఫోను వచ్చినట్టు నటించి ఎడమ పక్కకి తప్పుకుంటాడు. ఔటర్ రింగ్ రోడ్డు మీద కుడి లేన్లలో 120 దాకా వెళ్ళొచ్చు కదా, ఎనభై దాటగానే కారు కుయ్‌మంటుంది. 2019 జులై నుంచి తయారైన ప్రతి కారులోనూ ఆ కూత పెట్టాలని రూలు, 120 దాటితే ఇక ఆపదు. ఇది టర్బో అయినా, కాకపోయినా ఒకటే కూత. కానీ ఆ కూతని బావ "చూశావా, పికప్ తట్టుకోలేక అరుస్తోంది" అని మా మేనల్లుడికి చెప్పడం నేను స్వయంగా విన్నాను.

ఆ సంక్రాంతికి నాన్న హైదరాబాద్ నుంచి ఖమ్మం దాకా బావ కారులో వచ్చారు. నాన్న కరెంటు డిపార్ట్‌మెంట్‌లో చేసి రిటైరయ్యారు, ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ చేసిన పని మీటర్ని తప్పించి వైరు వేసుకునే వాళ్ళని పట్టుకోవడం. ఆయనకి ఉన్నది పదిహేనేళ్ళ పాత కారు, డెబ్భై దాటితే డోర్లు మాట్లాడతాయి. సూర్యాపేట దాటి ఖమ్మం వైపు నాలుగు లేన్ల రోడ్డెక్కాక బావ కారు మెత్తగా వెళ్తుంటే నాన్న సీటు సర్దుకుని అన్నారు: "టర్బో అంటే ఏమో అనుకున్నాను అల్లుడు గారూ, బ్రహ్మాండంగా ఉంది. మైలేజీ ఎంత?"

"హైవే మీద పద్దెనిమిది దాకా వస్తుంది మామయ్య గారూ."

అది నిజమే. అందులో అబద్ధమేమీ లేదు కాబట్టి బావకి చెప్పడంలో ఇబ్బందేమీ లేకపోయింది. అక్క మాత్రం వెనక సీట్లోంచి నా కాలు తొక్కింది.

ఉగాదికి నాన్న కారు కొన్నారు. మాకెవరికీ చెప్పలేదు, సర్‌ప్రైజ్ అట. అదే కంపెనీ, అదే కారు, అదే రంగు. సేల్స్ కుర్రాడు మెట్లెక్కించే అవసరం కూడా రాలేదు, నేరుగా వెళ్ళి "మా అల్లుడిది టర్బో, అదే ఇవ్వండి" అన్నారట. అసలైన టర్బో, అసలైన పదకొండున్నర లక్షలు, రిటైర్‌మెంట్ డబ్బు. ఫోటో వాట్సాప్‌లో రాగానే బావ ఫోను టేబుల్ మీద బోర్లా పెట్టి కాసేపు గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు.

తర్వాత ఫోన్లు. నాన్న ఖమ్మంలో తిరిగేది రైతుబజారుకి, బ్యాంకుకి, గుడికి. అన్నీ రెండు కిలోమీటర్ల లోపే, దార్లో స్పీడ్ బ్రేకర్లు. టర్బోకి ఇంతకన్నా శిక్ష లేదు, మైలేజీ పదకొండు. "మీకు పద్దెనిమిది ఎలా వస్తోంది అల్లుడు గారూ?" "కాలు తేలిగ్గా వెయ్యాలి మామయ్య గారూ." నాన్న చెప్పులు తీసేసి నడిపి చూశారు, పదకొండున్నర. "టైర్లలో గాలి చూసుకోండి." చూసుకున్నారు. "బంక్ మార్చి చూడండి." ఖమ్మంలో ఉన్న బంకులన్నీ మార్చారు. చివరికి దసరాకి రెండు బండ్లూ పక్కపక్కన పెట్టి మెకానిక్‌తో తేల్పించాలని ఆయన తీర్మానించారు. ఈ సంగతి తెలిసిన రోజే బ్యాడ్జ్ పీకించెయ్యమని నేను బావకి చెప్పాను. పీకితే కింద రంగు పోతుందేమోనని భయపడ్డాడు.

దసరా రోజు పొద్దున రెండు కార్లూ కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూల దండలు వేసి వాకిట్లో నిలబెట్టాం. మెకానిక్ వచ్చాడు. నాన్న కారు బానెట్ ఎత్తి చూశాడు, తలూపాడు. బావ కారు బానెట్ ఎత్తాడు. వంగి చూశాడు, అటు పక్క నుంచి చూశాడు, ఫోన్ లైటు వేసి కింద పడుకుని చూశాడు. లేచి చేతులు తుడుచుకుంటూ, "సార్, ఈ బండ్ల టర్బో లేదు" అన్నాడు.

"లేదంటే?"

"లేదు సార్. ఉండాల్సిన కాడ లేదు. పైపులు కూడా లేవు."

నాన్న వెనక్కి వెళ్ళి బ్యాడ్జ్ చదివారు. మళ్ళీ ముందుకొచ్చి ఇంజిన్ చూశారు. ముప్ఫై ఏళ్ళు కరెంటు దొంగల్ని పట్టిన కళ్ళు మెరిశాయి. "సర్వీసింగ్‌కి ఎక్కడిచ్చారు అల్లుడు గారూ?" అని అడిగి, జవాబు వినకుండానే లోపలికెళ్ళి కళ్ళద్దాలు, తెల్ల కాగితం, పెన్ను తెచ్చుకుని అరుగు మీద కూర్చున్నారు. "గౌరవనీయులైన సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గారికి" దాకా రాసేశారు. "ఇన్‌వాయిస్, ఆర్‌సీ కాపీలు కావాలి, తెప్పించండి."

అక్క గుమ్మంలో పూర్ణం బూరెల పళ్ళెం పట్టుకుని నిలబడి, ఎటూ కదలకుండా, మొగుడి వంక చూస్తోంది. దసరాకి ఆమెకి ఇంతకన్నా పెద్ద కానుక ఎవరూ ఇచ్చి ఉండరు.

"పోనీలెండి మామయ్య గారూ" అన్నాడు బావ, గొంతు పెగుల్చుకుని. "పండగ పూట పోలీసులెందుకు. ఎవరో లేనివాళ్ళు తీసుకెళ్ళి ఉంటారు."

నాన్న పెన్ను ఆపి బావని చూశారు. ఆ తర్వాత కాగితం వైపు. ఆ తర్వాత బావ కారు వైపు చాలాసేపు.

"అంటే, టర్బో పోయాక కూడా పద్దెనిమిది ఇస్తోందా?"

"ఇస్తోందండీ."

నాన్న పెన్ను మూత పెట్టి, జేబులో పెట్టుకుని, మెకానిక్ వైపు తిరిగారు.

"అయితే నా బండిలోది కూడా పీకెయ్."