కుచ్చిళ్ళు పెట్టలేక చస్తున్నా

మూడు రోజులండి, మూడు రోజుల నుంచి ఒక్క చీరతో కుస్తీ పడతన్నా. వరినాట్లు వేసే ఆవిడ బొమ్మ కంప్యూటర్లో త్రీడీలో కదిలేలా చేద్దామని మొదలెట్టా, మా అమలాపురం పక్క చేలల్లో చిన్నప్పట్నించీ చూసేదే కదా ఏముందిలే అనుకున్నా, మొహం అయిపోయింది, జుట్టూ అయిపోయింది, చీర దగ్గరే ప్రాణం పోతోంది.

బొమ్మ నిలబడితే బానే ఉంటది. నాటు వెయ్యడానికి ఇలా వంగిందో లేదో, పొట్టకీ తొడకీ మధ్య గుడ్డ ఇరుక్కుని గిలగిలా కొట్టుకుని చిందరవందర అయిపోద్ది. అక్కడ ఒంటి మెష్, అంటే బొమ్మ ఒళ్ళుగా అల్లిన వల, పొట్టదీ తొడదీ ఒకదాంట్లోకి ఒకటి దూరిపోద్ది కదా, మధ్యలో ఉన్న గుడ్డ ఎటు పోవాలో దానికే తెలీదు. సెల్ఫ్ కొలిజన్ (గుడ్డ తనలోకి తనే దూరకుండా ఆపే సెట్టింగు) ఆన్ చేస్తే కుచ్చిళ్ళు ఒకదాంట్లో ఒకటి దూరడం తగ్గుద్ది గానీ సిస్టమ్ ఫ్యాను రైసుమిల్లులా మోగుద్ది. క్వాలిటీ స్టెప్స్, అంటే ఒక్కో ఫ్రేముకి గుడ్డ కదలిక ఎన్నిసార్లు లెక్కెయ్యాలో ఆ అంకె, 5 నుంచి 15 చేసి రాత్రంతా బేక్ (కదలికంతా లెక్కేసి దాచుకోవడం) పెట్టా, తెల్లారగట్ట కరెంటు పోయింది. ఆయ్.

ప్రీసెట్లు, అంటే సాఫ్ట్‌వేర్లో ముందే ఇచ్చిన గుడ్డ రకాలు, చూస్తే కాటన్, సిల్క్, డెనిమ్, లెదర్, రబ్బరు. రబ్బరు ఎవరు కడతారండి బాబూ? గంజి పెట్టిన బండారులంక నేత చీర నిలబడే తీరు వేరు, బురదలో తడిసి మోకాళ్ళ దాకా ఎగ్గట్టిన చీర ఒంటికి అతుక్కునే తీరు వేరు, దానికి స్లయిడర్ ఏదీ?

మా అమ్మ వెనక నుంచి చూసి "ఇదేంట్రా, కొంగు భుజంలోంచి పొడుచుకొచ్చింది?" అంది. ఆవిడ 5.5 మీటర్లూ రెండు నిమిషాల్లో చుట్టేసి పొయ్యి దగ్గరకి పోద్ది. నాది ఇంకా 38వ ఫ్రేము దగ్గరే ఉంది.