రాక్షసుడు ఏ స్టేషన్ పరిధిలోకి వస్తాడండీ?

నిన్న రాత్రి మా మేనల్లుడు కూర్చోబెట్టి ఓ జపాన్ యానిమేషన్ సినిమా చూపించాడు. భవిష్యత్తులో ఓ మహానగరం, ఎటు చూసినా చీకటి, నియాన్ బోర్డులు, గంటన్నర పాటు ఆగని వాన. వేరే లోకం నుంచి రాక్షసులొచ్చి జనాన్ని నమిలేస్తుంటే వాటి కోసమే పెట్టిన పోలీసులు ఎగిరే బండ్లలో వచ్చి కాలుస్తుంటారు.

"ఎంత ఘోరమైన భవిష్యత్తో చూశావా మావయ్యా" అన్నాడు.

ఘోరం ఎక్కడ్రా? అంత వానకి ఒక్క వీధి మునగలేదు, ఒక్క డ్రైన్లో గుర్రపుడెక్క లేదు. (సరే, అసలు టోక్యో దగ్గర వరద నీళ్ళకి 6.3 కిలోమీటర్ల సొరంగమే తవ్వుకున్నారు కాబట్టి క్షమించేద్దాం.) నాకు ఒళ్ళు మండింది పోలీసుల దగ్గర. కబురందిన రెండు నిమిషాలకి దిగిపోయారు, కంప్లయింటు కాగితం కూడా అడక్కుండా!

అదే రాక్షసుడు మా సఖినేటిపల్లి రేవులో గోదావరిలోంచి లేవాలి. తల నరసాపురం వైపు, అంటే పశ్చిమ గోదావరి జిల్లా. తోక మా కోనసీమ. ఆ తోక పంటుని, అంటే రేవు దాటించే పడవని, చుట్టేసింది, పైన నలభై బైకులు, ఓ పెళ్ళి కారు. మావాళ్ళు స్టేషన్‌కి పరిగెడితే "నోరు ఎటుంటే కేసు అటండీ, నరసాపురం వెళ్ళండి" అంటారు. పంటేమో వాడి తోకలో ఉంది కదా, చించినాడ వంతెన మీంచి చుట్టూ తిరిగెళ్తే అక్కడి రైటరుగారు "చుట్టింది తోక, తోక మీ వైపుదే" అంటారు, ఆధార్ జెరాక్సు మాత్రం తీసుకుంటారు. సాయంత్రానికి రేవులో బజ్జీల బండి. మర్నాడు ఓ నాయకుడొచ్చి తోక మీద చెయ్యేసి ఫొటో దిగి, మా హయాంలో ఇలాంటివి లేవంటాడు. మూడోరోజు రాక్షసుడే విసిగిపోయి "నన్నెవరూ కాల్చరా?" అనడిగితే, ఎస్సైగారు బందోబస్తుకెళ్ళారు, సోమవారం రా అంటారు.

మాకూ ఓ నగరం ఉంది లెండి. ఊరి పేరే నగరం, మామిడికుదురు మండలం. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి 65 రోజులు మండినప్పుడే బుద్ధి రావాలి. రాలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గ్యాస్ పైపు పేలింది. ఇరవై మందికి పైగా పోయారు, చాలామంది నిద్రలోంచి లేచేలోపే. కొబ్బరిచెట్లు నిలబడ్డచోటే బొగ్గయ్యాయి. వాసనొస్తోందని ఊళ్ళోవాళ్ళు ముందే మొత్తుకున్నారు. పొడి గ్యాసుకి వేసిన గొట్టంలో తడి గ్యాసు తోశారు, తడికి ఇనుము లోపల్నించి తుప్పుపట్టి పోయింది. తుప్పయ్యా, తుప్పు! దానికి ఎగిరే బండ్లెందుకు, మంత్రాల తుపాకులెందుకు, వాసనొస్తోందన్న రోజున ఒక్క మనిషి వచ్చి గ్యాసు కట్టేస్తే ఆ మంటల్లో పోయిన పిల్లలు ఇవాళ కాలేజీలకి వెళ్ళేవాళ్ళు.

"రెండో భాగం కూడా ఉంది మావయ్యా" అన్నాడు వాడు.

అందులోనూ పోలీసులు టైముకే వస్తారా అనడిగాను. వస్తారట.

అయితే వద్దులేరా.